తప్పు ఎవరిది, ఫిర్యాదు ఎక్కడ?

మూడు అర మార్కుల దగ్గర మొదలైన వ్యవహారమిది. చాలా చిన్న విషయం. అయినా దాని వెంట ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకూ, అక్కణ్ణుంచి పులివెందులకూ పోవలసి వచ్చింది. పోయి తెలుసుకున్నది నా యంత్రజ్ఞానానికి ఎంత పనికి వచ్చిందో చెప్పలేను గాని, నా ఉపాధ్యాయ వృత్తికి మాత్రం పనికి వచ్చింది. అందుకే నలుగురి ముందు పెడుతున్నాను.

మా కాలేజీలో తెలుగు పరీక్షలు కొన్ని ఇప్పుడు కంప్యూటరు మీద జరుగుతున్నాయి. ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసిన పేజీలో ప్రశ్న వుంటుంది, దాని కింద జవాబు రాయడానికి ఒక వరస మాత్రమే పట్టే గడి వుంటుంది. విద్యార్థులు ఫోనుల్లో రాస్తారు. నేను ప్రొద్దుటూరులో కాలేజీ ల్యాబులోని డెస్క్‌టాప్ ముందు కూర్చుని దిద్దుతాను. అక్షరదోషానికి అర మార్కు కోయడం నాకు మొదటినుంచీ వున్న అలవాటు. మాతృభాష రాయడం రానివాళ్ళకు అర మార్కు పోతే ఏమి నష్టమని నా అహంకారం.

ఒక అమ్మాయి జవాబుల్లో మూడు మాటలు కనిపించాయి: రాష్టం, శాస్తం, స్తీ. మూడింటిలోనూ క్రారవడి లేదు. మార్కులు కోశాను. అంతటితో వూరుకున్నా బాగుండేది. క్లాసులో ఆ మాటలు బోర్డు మీద రాసి, డిగ్రీకి వచ్చినా క్రారవడి రాని వాళ్ళున్నారని వెక్కిరించాను. ఆ అమ్మాయి లేచి, "నేను సరిగ్గానే రాసినా సార్" అన్నది. నేను నమ్మలేదు. కళ్ళారా చూసిన వాణ్ణి గదా!

క్లాసు అయిపోయిన తరువాత ఆమె తన ఫోను తెచ్చి చూపింది. రాష్ట్రం, శాస్త్రం, స్త్రీ. మూడూ నిక్షేపంలా వున్నాయి. ఇద్దరమూ ల్యాబుకు పోయి అదే పేజీ తెరిచాము. అక్కడ క్రారవడి లేదు. ఆ మాటను కాపీ చేసి మరొకచోట అతికిస్తే మళ్ళీ వచ్చింది. అంటే అక్షరం వుండనే వుంది, నా కంటికి ఆనలేదు. మూడు హల్లులు కలిసిన సంశ్లేషాక్షరంలో ఒకటి పైన, రెండవది దాని కింద, మూడవది ఇంకా కింద నిలుస్తాయి. ఆ మూడవ అంతస్తును గడి అడుగుగీత కోసేస్తున్నది.

మర్నాడు అదే క్లాసులో, అదే బోర్డు ముందు నిలబడి తప్పు నాదని చెప్పాను. ఆమె జవాబులే గాక అందరివీ మళ్ళీ దిద్ది మార్కులు సరిచేశాను. ఐతే అంతకుముందు రెండు పరీక్షలలో ఎన్ని క్రారవడులకు ఎందరి మార్కులు కోశానో! వాళ్ళలో కొందరు కాలేజీ వదిలి వెళ్ళిపోయారు. తమకు తెలుగు రాయడం రాదని నమ్మే వెళ్ళివుంటారు.

ఇక దీన్ని ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్న మిగిలింది.

నా సహోద్యోగి ఒకాయన, "కంప్యూటరులో తెలుగే అంత సార్, ఫోనులో చూసుకోండి" అని తేల్చేశాడు. ఈ 'తెలుగే అంత' అన్న మాట నన్ను గుచ్చింది. ఇది కొత్త మాట గాదు. టైపు మిషన్ల కాలంలోనూ మిషనుకు లిపి సరిపడలేదంటే లిపినే సంస్కరించాలన్న వాదనలు లేచాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరాన్ని ఒకానొక సంకేత క్రమంలో పంపితే ఐఫోన్లలో ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆపిల్ కంపెనీ ఆ నెల 19న విడుదల చేసిన 11.2.6 సంచికలో దాన్ని సరిచేసింది. లోపం అక్షరాలను కూర్చే ప్రోగ్రాములో వుంటే, పత్రికలు మాత్రం ఫోనులను కూల్చే తెలుగు అక్షరం అని శీర్షికలు పెట్టాయి. నేరం అక్షరం మీద పడింది. ప్రొద్దుటూరుకు దగ్గరలోనే, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో, సుమారు 575 నాటి రేనాటి చోళుల శాసనం వుంది. దొరికిన తెలుగు శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా దాన్ని పరిగణిస్తున్నారు. రాయి మీద ఇమిడిన లిపి, తాటాకు మీద ఇమిడిన లిపి, సీసపు అచ్చులో ఇమిడిన లిపి ఈ గడిలో మాత్రం ఇమడలేదంటే, పరీక్షించవలసింది లిపిని గాదు, గడిని.

కాని ఆ గడి ఎవరిది? తెర మీద ఒక్క 'స్త్రీ' కనిపించడానికి ఎందరి శ్రమ కలుస్తున్నదో అప్పుడు ఆరా తీశాను. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చినవాళ్ళు కొందరు. దాని పేరు యూనికోడ్, 1991 నుంచీ అందులో తెలుగు వుంది. ఆ సంఖ్యలను చదివి ఏ వత్తు ఎక్కడ చేరాలో నిర్ణయించే కూర్పు ప్రోగ్రాము రాసినవాళ్ళు మరికొందరు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ వాడే హార్ఫ్‌బజ్ అటువంటిదే. అక్షరాల రూపురేఖలు గీసిన ఫాంటు శిల్పులు వేరు. వీటినన్నిటినీ తెరకెక్కించే బ్రౌజరు చేసినవాళ్ళు వేరు. దాని కిందవుండే ఆపరేటింగ్ సిస్టం వాళ్ళు వేరు. చిట్టచివర ఆ పేజీ రాసినవాళ్ళు వేరు. కొందరు జీతానికి చేస్తారు, కొందరు వూరకే చేస్తారు. ఇందరిలో క్రారవడిని కోసిందెవరు?

నాకు మొదట బ్రౌజరు మీదే అనుమానం కలిగింది. కంటికి కనిపించేది అదే గదా. పైగా కొన్ని బ్రౌజర్ల లోపాల చిట్టా బహిరంగంగా వుంటుంది. మొజిల్లా వారి బగ్‌జిల్లా 1998 నుంచీ తెరిచే వుంది. ఎవరైనా పోయి రాయవచ్చు, ఎవరు ఏమి జవాబిచ్చారో చదవవచ్చు. ల్యాబులోని అదే యంత్రంలో మరొక బ్రౌజరుతో ఆ పేజీ తెరిస్తే క్రారవడి కనిపించింది. ఇంకేమి, నేరం రుజువైందనుకున్నాను.

ఐతే తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఒక్క ప్రతిని చూసి పాఠం నిర్ణయించరాదన్న బుద్ధి అయినా వుండాలి. కడపలో సి.పి. బ్రౌన్ చేసిన పని ఏమిటి? ఒకే కావ్యానికి ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి, జీతమిచ్చి పండితులను కూర్చోబెట్టి, ప్రతికీ ప్రతికీ పోల్చి చూపించాడు. తప్పు కవిదా, లేఖకుడిదా అన్నది అట్లా పోలిస్తేనే తేలుతుంది. నేనూ ప్రతులు పోల్చాలనుకున్నాను.

ఆదివారం బస్సెక్కి జమ్మలమడుగులో వున్న మిత్రుడి ఇంటికి పోయాను. ఆయనా లెక్చరరే. "ఏమప్పా, ఒక వత్తు కోసం బస్సెక్కి వస్తివా?" అని నవ్వి, తన డెస్క్‌టాప్ తెరిచాడు. అది కొత్త యంత్రం. నేను అనుమానించిన ఆ బ్రౌజరులోనే పేజీ తెరిచాము. క్రారవడి పూర్తిగా కనిపించింది! నా ముద్దాయి నిర్దోషిగా నిలబడ్డాడు. ఐతే తప్పు మా ల్యాబు సిస్టందా? ఫాంటుదా? మిత్రుడు ఆలోచించి, "పులివెందులలో నీ శిష్యుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు గదా, ఆ పిల్లవాణ్ణి అడుగుపో" అన్నాడు.

ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయాను. నా పాత విద్యార్థి గదిలో వున్న డెస్క్‌టాప్ మీద లినక్స్ వుంది. అక్కడ నా ముద్దాయి బ్రౌజరులో క్రారవడి సగం తెగింది. ప్రొద్దుటూరులో నేను మెచ్చుకున్న రెండవ బ్రౌజరులో మొత్తం తెగింది. నాకు మతిపోయింది. అతడు మాత్రం తొణక్కుండా, "మీరు ఒకేసారి రెండు మూడు మార్చినారు సార్. యంత్రం మారితే ఫాంటూ మారుతుంది. ఒక్కొక్కటే మార్చి చూడల్ల" అన్నాడు. పాఠం చెప్పినవాడికి పాఠం చెప్పడమంటే ఇది.

అతడు చేసింది చూస్తూ కూర్చున్నాను. ముందు 'స్త్రీ' అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేని పేజీ ఒకటి తయారుచేశాడు. రెండు బ్రౌజర్లలోనూ మూడు అంతస్తులూ నిలిచాయి. అంటే కూర్పు ప్రోగ్రాములో లోపం లేదు. తరువాత కంపెనీ పేజీలోని గడినే తెచ్చి అందులో ఆ మాట పెట్టాడు. తెగింది. ఆ గడి ఎత్తు ఇంత మాత్రమే వుండాలన్న నియమం ఒక్కటి పేజీలో నుంచి తీసేశాడు. మళ్ళీ నిలిచింది. నియమం తిరిగి పెట్టి ఫాంటులు మార్చాడు. వత్తులు పొట్టిగా గీసిన ఫాంటు అయితే ఇమిడింది, లోతుగా గీసినదైతే తెగింది.

అప్పటికి చిక్కుముడి విడింది. పేజీ రాసినవాళ్ళు గడి ఎత్తును ఇంగ్లీషు అక్షరాలకు కొలిచారు. వై, జి అక్షరాల తోకలు పట్టేటంత లోతు వదిలి, అంతకు మించినది కోయమన్నారు. పైగా ఒక ఇంగ్లీషు ఫాంటు పేరు మాత్రమే రాసి, తెలుగు ఫాంటు ఏదీ చెప్పలేదు. అందువల్ల ఒక్కొక్క బ్రౌజరు ఆ యంత్రంలో తనకు తోచిన తెలుగు ఫాంటును వెతికి తెచ్చుకున్నది. జమ్మలమడుగులో పొట్టి వత్తుల ఫాంటు దొరికింది గనక బతికిపోయింది. బ్రౌజరు చెప్పిన పని చేసింది. ఫాంటు గీసినవాడు అక్షరాన్ని అక్షరంగా గీశాడు. తెలుగు పరీక్షకు గడి తయారుచేస్తూ ఒక్క తెలుగు సంశ్లేషాక్షరమైనా రాసి చూడని వాళ్ళది తప్పు.

ఇక్కడ నాలో ఒక తర్జనభర్జన జరిగింది. ఆ కంపెనీకి బహిరంగమైన చిట్టా లేదు. 'సంప్రదించండి' అన్న గడి ఒకటి వుంది. అందులో స్త్రీ అని రాస్తే అక్కడా క్రారవడి తెగింది! అటువంటి చోట రాయడం బావిలో రాయి వేయడమే. బ్రౌజరు చిట్టా మాత్రం తెరిచి వుంది, అక్కడ మనుషులు జవాబు చెబుతారు. అక్కడే రాస్తే పోలేదా అన్నాను. "అది వాళ్ళ తప్పు గాదు గదా సార్" అన్నాడు నా శిష్యుడు. నిజమే. అక్కడ రాస్తే ఎవరో ఒకరు దాన్ని చదివి, తన యంత్రం మీద చేసి చూసి, ఇది మాది గాదని తేల్చాలి. ఆ పొద్దు అతడి శ్రమ వృథా. మరెవరిదో నిజమైన ఫిర్యాదు అంతసేపు వెనకబడుతుంది.

తలుపు తెరిచివున్న చోట తిట్టడం మనకు అలవాటు. బస్సు రాకపోతే కండక్టరును తిడతాము. బస్సులు తగ్గించినవాడు మనకు కనిపించడు. ఆసుపత్రిలో మందు లేకపోతే నర్సు మీద అరుస్తాము. నేను చేసిందీ అదే. తెర మీద తప్పు కనిపించగానే అందరికంటే దగ్గరగా, అందరికంటే బలహీనంగా వున్న మనిషి మీద దాన్ని మోపాను. ఆ అమ్మాయి అక్షరాల వెనుక ఇందరి పని వుందన్న ఆలోచన నాకు రాలేదు. ఉత్పత్తి సంబంధాలను గురించి ఉపన్యాసాలిచ్చే మాబోటివాళ్ళం, కళ్ళ ముందున్న ఒక వస్తువు ఎవరెవరి చేతుల మీదుగా మన దాకా వచ్చిందో అడగడం మరిచిపోతాము. అడగనంత కాలం తప్పు ఎప్పుడూ కింది అంతస్తు మీదే పడుతుంది.

కంపెనీకే రాశాను. ఒక్క మాట వున్న పేజీ, తెగిన బొమ్మ, తెగని బొమ్మ, ఏ యంత్రంలో ఏ ఫాంటు, ఏ నియమం తీస్తే సరిపోతుంది, అన్నీ వరసగా పెట్టాను. తెలుగు తెగుతున్నదని చెప్పడానికి ఇంగ్లీషులో రాయవలసి వచ్చింది. ఫోనులో చూడండి అని జవాబు వచ్చింది. మా సహోద్యోగి మాటే! ఇప్పుడు ఒక్కడి పేరుతో గాక, మూడు వూళ్ళ అధ్యాపకులమూ సంతకాలు చేసి, ఆ పేజీకి డబ్బు చెల్లించే కాలేజీల ద్వారా పంపాము. కొన్నవాడి మాట వినక తప్పదేమోనన్న ఆశ. ఇది రాసేనాటికి గడి ఎత్తు మారలేదు.

ఈలోగా ల్యాబు యంత్రాలలో పొట్టి వత్తుల ఫాంటు వేయించాను. ఇది మందు గాదు, కట్టు మాత్రమే. అనుమానం వచ్చిన మాటనల్లా కాపీ చేసి మరొకచోట అతికించి చూసిన తరువాతనే మార్కు వేస్తున్నాను. మొన్న పరీక్షకు ముందు ఆ అమ్మాయి, "ఈసారి యాడ చూసి దిద్దుతారు సార్?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది అడగవలసిన ప్రశ్నే అనిపించింది.