కాలువ ఇరుకైతే చివరి మడి ఎండుతుంది

మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితోనే మా ప్రాంతంలో వరి, చెరకు పండాయి. పిల్లకాలువలో పూడిక చేరితే చివరి ఆయకట్టుకు నీరందదనీ, ఎగువ గట్టుపై ఒత్తిడి పెరుగుతుందనీ బోధన్ రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. పసిపిల్లల గుండెలోనూ ఇటువంటి ఇరుకే ఏర్పడగలదు.

గుండె కుడి భాగం నుండి రక్తం పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు చేరి, ప్రాణవాయువును గ్రహించి ఎడమ భాగానికి తిరిగి వస్తుంది. ఈ మార్గాన్ని స్పష్టంగా వివరించినవాడు డమాస్కస్‌లో పుట్టి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్-నఫీస్. గుండె నడిమి గోడలోని కంటికి కనబడని రంధ్రాల గుండా రక్తం దాటుతుందన్న జాలీనూస్ అభిప్రాయాన్ని ఆయన 1242లో, ఇబ్న్ సీనా గ్రంథానికి రాసిన వ్యాఖ్యానంలో తోసిపుచ్చాడు. పెద్దల మాటనైనా పరీక్షించి చూడాలన్నది ఆ విద్వాంసుని జీవితం మాకు నేర్పిన పాఠం.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ ధమని గాని, దాని కొమ్మలు గాని ఇరుకుగా ఉంటాయి. తీవ్రమైతే కుడి గది అధిక శ్రమకు లోనవుతుంది. గోడలో రంధ్రం కూడా ఉంటే పెదవులు, గోళ్లు నీలమవుతాయి. ఆడుతూ ఆడుతూ బిడ్డ గొంతుక్కూర్చుంటుంది. కొందరిలో వైద్యుడు స్టెతస్కోపుతో వినే శబ్దం తప్ప వేరే గుర్తే ఉండదు.

చికిత్స ఉన్నది. తొడ వద్ద సిర గుండా సన్నని గొట్టాన్ని పంపి, దాని కొనన ఉన్న బెలూన్‌ను ఇరుకు చోట ఉబ్బిస్తారు. అది చాలకపోతే స్టెంట్ అనే లోహపు జాలీని అమర్చుతారు. కొందరికి శస్త్రచికిత్సతో అతుకు వేసి ధమనిని వెడల్పు చేస్తారు.

అయితే బిడ్డ ఎదుగుతుంది గాని, జాలీ తానుగా ఎదగదు. మా మద్రసాలో చదివే ఒక బాలునికి నాలుగేళ్ల వయసులో స్టెంట్ వేశారు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి తండ్రి హైదరాబాదు పోవడం మానివేశాడు. “నయమైంది గదా మౌలానా సాబ్, రెండు రోజుల కూలి పోతది” అన్నాడు. పూడిక తీసిన కాలువను మరుసటి ఏడు చూడకుండా వదిలేస్తావా అని మేము అడిగాము. ఆయన మౌనంగా ఉండి, ఆ వారమే బయలుదేరాడు. వైద్యులు అదే స్టెంట్‌ను బెలూన్‌తో మరికొంత వెడల్పు చేసి పంపారు.

మద్రసాల బాధ్యులకూ ఒక మనవి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ బడులలో పేరు లేని పిల్లలను మనమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పిల్లల గుండె చికిత్సలకు వర్తిస్తుంది. అర్హత ఉన్నదో లేదో ముందే విచారించుకోవాలి.

గుండెలోని కొన్ని చిన్న రంధ్రాలు వయసుతో వాటంతటవే మూసుకుంటాయి. దానిని చూసి తీవ్రమైన ఇరుకు కూడా సర్దుకుంటుందని ఎదురుచూడరాదు. దుఆ చేద్దాం, తారీఖు తప్పకుండా బిడ్డను వైద్యునికి చూపిద్దాం. బిడ్డ మన చేతిలోని అమానత్. షిఫా ప్రసాదించేవాడు అల్లాహ్. గడప దాటవలసినది మనం.