పడగ

పడగ యనగానే తెలుగువానికి నాగుపాము కన్నులకు గట్టును. కోపించిన నాగు మెడయందలి పొడవైన ప్రక్కటెముకలను విప్పార్చి, చర్మమును చేటవలె సాచుటయే పడగ విప్పుట. బెంగుళూరులో తరతరములుగా నున్న మా యిండ్లలో పిల్లలు దీనిని కన్నడమున "హెడె" యందురు. అందు కోపగింపవలసినది లేదు. తమిళుల "పడం", ప్రాచీన కన్నడమందలి "పెడె", మన "పడగ" ఒక్క గూటి పక్షులే. మన పాలు "హాలు", పులి "హులి" అయినట్లే పెడె "హెడె" యైనది. లేపాక్షిలో శివలింగమునకు గొడుగు పట్టిన రాతినాగుని చూపినప్పుడు, హెడెలని యెంచినను పడగలని యెంచినను లెక్క ఏడే వచ్చును.

మమ్ము కలతపెట్టునది వేరొక పడగ.

ఆ నడుమ నొక పెండ్లిలో పెద్దలొకరు ఎవరినో గూర్చి "ఆయన కోటికి పడగెత్తినవాడు" అనిరి. కన్నడబడిలో చదువుచున్న బాలుడొకడు "అయితే ఆయన డబ్బుమీద పామున్నదా, తాతా?" అని యడిగెను. అందరును నవ్వితిమి. కాని వాని యూహ త్రోసివేయదగినది కాదు. పాతరను నాగు కాచుననుట మన అవ్వలు చెప్పిన కథయే గదా! అయినను ఇచటి పడగ పాముది కాదు, జెండా. సంస్కృతపు "పతాక" ప్రాకృతమున "పడాగా" యై, తెలుగున "పడగ" యైనది. తమిళమందును "పడాగై" యనగా జెండాయే. కోటి కూడబెట్టినవాడు మేడపై జెండా నెత్తుట వెనుకటి మర్యాద యని పెద్దలు చెప్పుదురు.

ఇట్లు పుట్టుక వేరైన రెండుమాటలు ఒక్క రూపున గలిసిపోయినవి. పాముపడగకు భయము లేదు. పాములున్నంత కాలము, "పాముపడగ నీడను కప్ప" యను సామెత యున్నంత కాలము అది నిలుచును. రెండవదాని చోటును "జెండా" యెన్నడో ఆక్రమించినది. కోటికి పడగెత్తుట యను నొక్క పలుకుబడిలోనే అది తల దాచుకొన్నది. ఇపుడు మా యిండ్లలో ధనవంతుని "కోటీశ్వరుడు" అనియే సరిపెట్టుచున్నారు. ఆ పలుకుబడియు పోయినచో పతాకార్థము నిఘంటువులలో నిదురించును.

కావున మా యింట ఆగస్టు 15వ తేదీ ఉదయమున "పడగ యెత్తుదము రండి" యని పిల్లలను పిలుచుచున్నాము. తెలుగు తెలిసిన ప్రక్కయింటివారు మొదటి యేట కఱ్ఱ పట్టుకొని వచ్చిరి.