బీటలు చూపించుకున్న పాపానికి

ఇంటి బీమా రెన్యువల్ కాగితం చూస్తేనే నాకిప్పుడు ఒళ్లు మండుతోంది. ప్రీమియం పెరిగినందుకు కాదు, అది ఏటా పెరిగేదే. మండేది ఒక్క ప్రశ్నకి. ఈ ఇంటి కింద నేల ఎప్పుడైనా కుంగిందా, కుంగిందేమోనని ఎవరైనా వచ్చి చూశారా, అవునా కాదా? కుంగలేదు బాబూ. కుంగలేదని ఇంజనీరే చూసి రాసిచ్చాడు. కానీ చూడటమైతే చూశాడుగా, అందుకని "అవును" అనే రాయాలి. పిల్లకి ఏ జబ్బూ లేదని డాక్టరు కాగితం ఇచ్చినా, "అసలు డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్లారు?" అని మొహం ముడుచుకునే పెళ్లివారి వరస ఇది. పోనీ "కాదు" అని రాసి పారేద్దామంటే, 2012 నాటి బ్రిటిష్ బీమా చట్టం ఒకటుంది. అడిగినదానికి ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబు చెప్పాల్సిన పూచీ మనదే. రేపు క్లెయిము వేళకి ఆ అబద్ధమే మెడకు చుట్టుకుంటుంది.

"అవును" అన్నామో, ధరలు పోల్చి చూపే సైట్లలో అప్పటిదాకా వరసగా నిలబడ్డ కంపెనీలు చాలామట్టుకు మాయం. ఇక పాత కంపెనీయే గతి. ఆ సంగతి వాళ్లకి మనకన్నా బాగా తెలుసు.

లండన్‌లో మా వైపు ఇళ్లకింద ఉన్నది బంకమట్టి. ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. విక్టోరియా రాణి కాలపు ఇళ్లకి పునాదుల లోతు అంతంతమాత్రం. దానికి తోడు చెట్లు. పక్కింటి దొడ్లో ఓక్ మాను ఒకటుంది, దానిమీద నాకు పాత కక్ష. నేలలో ఉన్న తడంతా అదే తాగేస్తుంది. కొట్టించమందామంటే మునిసిపాలిటీ వారి రక్షణ ఉత్తర్వు ఉంది, అనుమతి లేకుండా కొమ్మ తాకినా జరిమానా. ఒకవేళ కొట్టేసినా సుఖం లేదట. తాగేది పోయాక మట్టిలో నీరు చేరి, నేల ఉబ్బి, ఇంటినే పైకెత్తుతుందట. ఉంటే ఒక బాధ, పోతే ఒక బాధ. ఇలాంటి చుట్టాలు మన ఇళ్లలోనూ ఉంటారు.

అసలు 1971కి ముందు ఇక్కడి ఇంటి బీమాల్లో ఈ నేల కుంగుడు మామూలుగా ఉండేదే కాదు. చేర్చి అయిదేళ్లు తిరిగేసరికి 1976 కరువు వచ్చి పడింది, ఇళ్లు బీటలిచ్చాయి, క్లెయిములు వరదలా వచ్చాయి. ఆ ఆగస్టులో ప్రభుత్వం డెనిస్ హోవెల్ అనే ఆయన్ని కరువు మంత్రిగా వేస్తే, కొద్ది రోజులకే వానలు దంచికొట్టాయి. ఋశ్యశృంగుడి తరవాత అంత పేరు ఈయనకే రావాలి.

మా ఇంటికొచ్చిన ఇంజనీరు నెమ్మదస్తుడు. బీట ఏటవాలుగా ఉందా, పైన వెడల్పై కిందికి సన్నబడుతోందా, కిటికీ మూల నుంచి బయల్దేరిందా, బయట ఇటుకలోనూ కనిపిస్తోందా అని చూశాడు. మూడు మిల్లీమీటర్లు దాటితే ఆలోచించాలన్నాడు. మాది వెంట్రుకవాసి, ఉత్త ప్లాస్టరు పగులు.

నవ్వొచ్చింది. నేను పల్నాడు నల్లరేగడిలో పుట్టినవాణ్ణి. మా తాతయ్యగారి ఇంటి పడమటి గోడకున్న బీటలో నాయనమ్మ ఎండాకాలమంతా దువ్వెన దోపుకునేది. శ్రావణమాసానికి గోడ ఆ దువ్వెనని పట్టేసి వదిలేది కాదు. మేస్త్రిని పిలిస్తే, "ఏం కాదు పెదబాబుగారూ, వానలు పడితే అదే మూసుకుంటది" అని కాఫీ తాగి వెళ్లేవాడు. ఫారమూ లేదు, "అవునా కాదా" లేదు.

రేగడిలో కట్టేవాళ్లు అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ వేస్తారు. ఆ ఖర్చు వినలేక మా బాబాయి పునాది తవ్వించి, రేగడి తీయించి, ఇసుక పోయించి కట్టాడు. ఇల్లు నిలిచింది. ప్రహరీ మాత్రం ఒరిగింది. తప్పు రేగడిది కాదు, పక్కింటి మునగచెట్టు వేళ్లదని బాబాయి పట్టు. రెండిళ్లకీ మాటలు పోయాయి. ఒరిగిన గోడ మీదుగా కాయలు మాత్రం మా పెరట్లోకే వేలాడేవి. పిన్ని వాటిని నిస్సంకోచంగా కోసి పులుసు పెట్టేది. ఏం గుజ్జు అనుకున్నారు! ఇక్కడ సౌతాల్‌లో మోపెడు డబ్బు పోసి కొనే మునక్కాయలు కుక్కర్లో ఎన్ని కూతలు పెట్టించినా పీచే.