సిఫర్

‘మీకు తెలుగే సరిగ రాదు, ఇంగ్లీషెక్కడ వస్తది?’ అన్నరు. మేం ఇంట్ల ఉర్దూ మాట్లాడి, బడిల తెలుగు చదివినోళ్లం. బీయే అయినంక యూనివర్సిటీ ఎంట్రెన్సు కోసం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ పాతది కొన్నం. కొరుకుడు పడని మాటలు రోజుకు 20 బట్టీ పట్టినం.

ఒక రాత్రి డిక్షనరీల ‘సైఫర్’ చూసినం. అర్థం సున్నా, పుట్టుక అరబ్బీ ‘సిఫర్’. బీడీల లెక్క కట్టి అమ్మీ ‘మిగిలింది సిఫర్’ అనే మాటే! ఆల్జీబ్రా ‘అల్‌జబ్ర్’ నుంచి, అడ్మిరల్ ‘అమీర్’ నుంచి వచ్చినయట. సగం భయం పోయింది.

అప్పుడు తెలుగు దిక్కు చూసినం. జవాబు, వకీలు, హక్కు – అన్నీ మా ఇంటి మాటలే. మమ్మల్ని ఎక్కిరించినోళ్లు రోజూ మాట్లాడేవే.

ఆ మాటలు మీవైనయి. మేం మీవాళ్లం ఎప్పుడైతం?