మోగే బండ, మూలిగే బండ

కమాన్‌పూర్ దాటి సెంటినరీ కాలనీ వైపు వెళ్తుంటే రామగిరి ఖిల్లా గుట్టలు కనిపిస్తాయి. నేను వచ్చింది మాత్రం నేల కింద ఉన్న రాయిని చూడటానికి. అనుమతి తీసుకుని, బూట్లు, హెల్మెట్, క్యాప్ ల్యాంప్ తగిలించుకుని, ఒక భూగర్భ బొగ్గు గనిలో, పైకప్పు భద్రత చూసే మైనింగ్ సర్దార్ వెనకాలే ఇంక్లైన్ అనే వాలు దారిలో దిగాను.

నడక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉక్కపోత, బురద, అంతే. పని జరిగే చోటికి పది అడుగుల ముందే సర్దార్ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపేశాడు. మా నెత్తిమీది పైకప్పుకు రూఫ్ బోల్టులు దిగి ఉన్నాయి. ఆ ముందుది ఉత్త బండ. ఆయన బోల్టులున్న కప్పు కిందే నిలబడి, పొడవాటి ఇనుప రాడ్ చాచి బండను తట్టాడు. ఖంగుమంది. జానెడు అవతల మళ్లీ తట్టాడు. ఈసారి పగిలిన కుండలా మూలిగింది.

"విన్నరా సార్? అది పొర విడిచింది. చెవినొక్కదాన్నే నమ్మొద్దు. కప్పు చేతికందితే వేళ్లు ఆనిచ్చి తట్టాలె. వదులు బండ వేళ్లల్ల వణుకుతది."

పొర విడిచిన ఆ పెచ్చును సురక్షితమైన చోటు నుంచే గడ్డపారతో గీకి పడేశాడు. దీన్నే ఇక్కడ డ్రెస్సింగ్ అంటారు. తర్వాత సపోర్ట్‌మెన్ వచ్చి రంధ్రాలు చేసి బోల్టులు బిగిస్తారు. వాళ్లు ముందుకు జరిగాకే తక్కినవాళ్లు జరిగేది. చూస్తున్నంతసేపూ నాకు తట్టడంకన్నా ఆయన నిలబడ్డ చోటే ముఖ్యమనిపించింది.

అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద చేపలు పట్టేవాళ్లు కూడా ఇనుప గడ్డపారతో ముందు పొడిచి చూసుకుంటూ నడుస్తారని ఆయనకు చెప్పాను. గట్టి కొత్త ఐస్ 4 అంగుళాలుంటే మనిషి నడవొచ్చు, తెల్లబారినదైతే దానికి రెట్టింపు మందం ఉండాలి, అయినా ఏ ఐసూ పూర్తిగా భద్రం కాదు అన్నది అక్కడి ప్రభుత్వ సూచన. సర్దార్ నవ్వాడు. "వాళ్లకు అంగుళాల లెక్కన్న ఉన్నది. రంధ్రం చేసి కొలుసుకుంటరు. మాకు పైన ఎంత మందంల బండ విడిచిందో ఎట్ల తెలుస్తది?"

నిజమే. తట్టితే తెలిసేది దగ్గరి పొర సంగతే. మందమైన ఇసుకరాయి పైన ఎక్కడో విడిపోతే కింద మాత్రం ఖంగుమనే మోగుతుంది. అందుకే గని దారులు కలిసే జంక్షన్లలో టెల్‌టేల్ అనే సాధనం వేలాడదీస్తారు. పైన గట్టి రాతిలో బిగించిన తీగ, దాని కింది చివర రంగుల పట్టీలు. కప్పు కుంగేకొద్దీ ఆకుపచ్చ మరుగున పడి పసుపు, అదీ పోయి ఎరుపు మిగులుతాయి.

సాధనాలున్నా ప్రమాదాలు ఆగలేదు. గోదావరిఖనిలోని జీడీకే 8ఏ గనిలో 2003 అక్టోబరులో పైకప్పు కూలి పది మంది చనిపోయారు. యంత్రాల సపోర్టులతో నడిచే అడ్రియాల లాంగ్‌వాల్ గనిలోనూ 2022 మార్చి 7న కప్పు కూలి ముగ్గురు పోయారు. వాళ్లలో ఒకరు భద్రతాధికారి. చూడటానికి వెళ్లేవాడే ముందు ప్రమాదంలో పడతాడన్నది ఈ పనికున్న చేదు లెక్క. అందుకే ఆ పది అడుగుల అడ్డు మీద నాకు విసుగు రాలేదు.

షిఫ్టు మొదట్లో బాగున్న బండ, బొగ్గు కోసం పేలుడు మందు పేల్చాక కూడా బాగుంటుందన్న హామీ లేదు. పొగ పోయాక సర్దారే ముందు వెళ్లి మళ్లీ తట్టాలి. అప్పటిదాకా బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం పక్కనే కాచుకుని ఉంటుంది. ఉత్పత్తి ఆలస్యమైతే పైవాళ్లు ఏమంటారని అడిగాను.

"అంటరు సార్, ఎందుకనరు! రిపోర్ట్ బుక్కుల సంతకం నాది. నేను సరే అనంది బండి కదల్ది."