మాహిష్మతికి వెళ్ళొచ్చాం

బాహుబలి సినిమా చూడని ఇల్లు మన తెలుగునాట ఉంటుందా, మీరే చెప్పండి. 2015 జూలై 10న మొదటి భాగం వచ్చింది, 2017 ఏప్రిల్ 28న రెండోది వచ్చింది. ఆ మధ్య రెండేళ్ళూ కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న మన వంటిళ్ళలో కూడా కుతకుత ఉడికింది కదా! 2025 అక్టోబరు 31న రెండు భాగాలూ కలిపి 'బాహుబలి ది ఎపిక్' అని మళ్ళీ విడుదల చేస్తే, మా వీధిలో పిల్లలకంటే పిల్లల తల్లులే ముందు బయల్దేరారు.

ఆ సినిమా కోసం వేసిన మాహిష్మతి సెట్‌ని హైదరాబాద్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీలో జనానికి చూపిస్తున్నారన్నది మీకు తెలిసిందే. తెర మీద చూసిన ఊళ్ళోకి మన కాళ్ళతో మనం నడిచి వెళ్ళడమన్నమాట. 2024 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో మేమూ వెళ్ళొచ్చాం. ఎన్ని బొమ్మలున్నాయి, ఎన్ని తోటలున్నాయి అన్నది ఎవరైనా చెబుతారు. వెళ్ళేటప్పుడు మన మనసులో ఏం పెట్టుకుని వెళతాం, అక్కడ అది దొరుకుతుందా అన్నదాని గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలని నా కోరిక.

సినిమా చూసేవాళ్ళు వేరు, అభిమానులు వేరు. చూసేవాళ్ళకి టికెట్టు డబ్బులు గిట్టుబాటైతే చాలు. అభిమానికి మాత్రం ఆ ఊరు ఎక్కడో నిజంగానే ఉందని లోలోపల ఒక నమ్మకం. మా ఇంట్లో అలాంటివాళ్ళు ముగ్గురం. మొదటివాడు మా మేనల్లుడు. మొదటి భాగం వచ్చేసరికి వాడికి మూడేళ్ళు. టీవీలో చూసి చూసి కాలకేయుల కిలికి భాష కూడా గడగడా అప్పజెబుతాడు. (ఆ భాషని తమిళ రచయిత మదన్ కార్కీ గారు తయారుచేశారట. అందులో వాడు మమ్మల్ని తిట్టినా మాకు తెలీదు కాబట్టి గొడవ లేదు.) రెండోవారు మా అత్తగారు. ఆవిడకి శివగామి అంటే ప్రాణం. మూడోదాన్ని నేను. నాకు దేవసేన. పాతికేళ్ళు గొలుసులతో ఎండలో కూర్చుని పుల్లలు ఏరుకున్న దేవసేన. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతీ చెప్పాలి. మా ఆడపడుచు ఈ ప్రయాణం కోసమే చీటీ పాడింది. పిల్లాడు మొహం వేలాడేసుకుని తిరిగొస్తే ఆ చీటీ డబ్బు గంగలో పోసినట్టేనని రైల్లో రెండుసార్లు అంది. వాళ్ళది ఆమదాలవలస. రైలువాళ్ళ లెక్కలో దాని పేరు శ్రీకాకుళం రోడ్. ఫలక్‌నుమాలో వాళ్ళు అక్కడ ఎక్కారు, మేం విజయనగరంలో ఎక్కాం. రాత్రి పులిహోర, పెరుగన్నం తిని పడుకుంటే పొద్దున్నకి సికిందరాబాద్. అక్కడినుంచి విజయవాడ రోడ్డులో హయత్‌నగర్ దాటి వెళ్ళాలి. మేం ఆ రోజు బంధువులింట్లో దిగి మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. మీరూ అలాగే చెయ్యండి. రైలు దిగి నేరుగా వెళితే సగం రోజు దారిలోనే పోతుంది.

ఫిల్మ్ సిటీని రామోజీరావు గారు 1996లో ప్రారంభించారు. 1,666 ఎకరాలు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మేం వెళ్ళొచ్చిన అయిదు నెలలకి, 2024 జూన్ 8న ఆయన కన్నుమూశారు. లోపల అంతా బస్సుల్లోనే తిప్పుతారు. ఒకే మేడ ఒక వైపునుంచి ఆస్పత్రిలా, ఇంకో వైపునుంచి మరోలా కనబడుతుంటే మా అత్తగారు "ఏటే ఇది, మన ఇంటికి కూడా ఇలాగ రెండు మొహాలుంటే సుట్టాలొచ్చినప్పుడు ఒకటి చూపిద్దుం" అన్నారు. బస్సంతా నవ్వు.

ఇక మాహిష్మతి. పెద్ద పెద్ద స్తంభాలు, ఏనుగు బొమ్మలు, గోడల మీద చెక్కినట్టున్న పని, అంతా కళ్ళు చెదిరేలాగే ఉంది. ఈ సినిమాకి కళా దర్శకులు సాబు సిరిల్ గారు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి. స్తంభాన్ని మునివేళ్ళతో కొట్టి చూస్తే డొల్లగా మోగింది తప్ప, కంటికి మాత్రం రాయే. కానీ మా మేనల్లుడు నిలబడిపోయాడు. తల పైకెత్తి చూస్తున్నాడు. "అత్తా, మిగతా కోట ఏదీ?" అన్నాడు.

తెర మీద మబ్బుల్ని తాకే కోట కదండీ. ఇక్కడ పైన జనవరి ఆకాశం ఉంది. సంగతేమిటంటే, కెమెరాకి దగ్గరగా కనబడేదీ, నటులు నడిచేదీ, ముట్టుకునేదీ మాత్రమే కడతారు. దాని పైన అంతస్తులు, శిఖరాలు, వెనకాల ఊరు కంప్యూటర్లో చేరుస్తారు. ఆ పనికే శ్రీనివాస్ మోహన్ గారికి జాతీయ అవార్డు వచ్చింది. జలపాతమూ అంతే. అసలుది కేరళలో అతిరప్పిళ్ళి, ఎనభై అడుగుల చిల్లర. దాన్ని కంప్యూటర్లో ఆకాశందాకా పెంచారు. మాహిష్మతి అన్న పేరు మటుకు నిజమైనదే. పురాణాల్లో కార్తవీర్యార్జునుడి రాజధాని. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న మహేశ్వర్ అదేనంటారు. మనకి మహేశ్వరి చీరలు వచ్చే ఊరు!

ఇదంతా వాడికి విడమరిచి చెప్పాను. విన్నాడు కానీ మొహం విచ్చుకోలేదు. మా ఆడపడుచు నా వైపు చూసిన చూపులో చీటీ డబ్బు మొత్తం కనబడింది.

అక్కడే నాకో విషయం తట్టింది. సినిమా సెట్టు కెమెరా కోసం కడతారు. మనం మన కాళ్ళకోసం, చెవులకోసం, ముక్కుకోసం వెళతాం. కెమెరా వాసన చూడదు, ఆకలి వెయ్యదు, "ఎవరమ్మా నువ్వు" అని ఎవరైనా పలకరిస్తే బాగుండునని అనుకోదు. సెట్టు కట్టినవాళ్ళు వాళ్ళ పని నూటికి నూరుపాళ్ళు చేశారు. మన కోరిక వేరే పనికి సంబంధించినది. మా అత్తగారైతే కోట ఎత్తు సంగతి అసలు పట్టించుకోలేదు. ఆవిడకి కావలసింది శివగామి నడిచిన చోట అయిదు నిమిషాలు కూర్చోవడం. నేను దేవసేన కూర్చున్న చోటు ఎక్కడై ఉంటుందా అని చుట్టూ చూశాను. గుర్తుపట్టలేకపోయాను. అందరూ ఫోటోలు దిగుతున్నారు. మేమూ దిగాం. మా ఆయన "నవ్వు, నవ్వు" అంటున్నారు. దేవసేనని తలుచుకుంటూ నవ్వడం ఎలాగో నాకు తెలీలేదు.

అయితే అదే రోజు మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. సినిమా ఎలా తీస్తారో చూపించే ఒక ప్రదర్శన ఉంది. షోలేలో బసంతి జట్కా తోలే సన్నివేశం. చూడ్డానికి వచ్చినవాళ్ళలోంచే ఒక ఆడమనిషిని పిలిచి జట్కాలో కూర్చోబెడతారు. బండి కదలదు, గుర్రం ఉండదు. ఆ రోజు పిలిచింది మా ఆడపడుచునే! ఇంట్లో నలుగురి ముందు గట్టిగా మాట్లాడని మనిషి, కొరడా పట్టుకుని అదిలించింది చూడండి, నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. తరవాత శబ్దాలు చేర్చి, వెనకాల దృశ్యం అతికించి తెర మీద చూపించారు. బందిపోట్లు తరుముతున్నారు, మా ఆడపడుచు దూసుకుపోతోంది. మా మేనల్లుడు కుర్చీ మీదికెక్కి ఈలేశాడు.

ఆలోచించండి. షోలే 1975 నాటి సినిమా, అదీ హిందీది. మా ఆడపడుచు దాన్ని పూర్తిగా చూసిందో లేదో కూడా అనుమానమే. తిరుగు ప్రయాణంలో మాత్రం రైలంతా ఆ ముచ్చటే. మాహిష్మతిలో మేం చూసేవాళ్ళం. ఆ కదలని జట్కాలో మాలో ఒకరు కథలో మనిషి.

విదేశాల్లో ఇలాంటి చోట్లు కట్టేవాళ్ళు ఈ కిటుకు బాగా పట్టుకున్నారట. మా పెద్దాడపడుచు కూతురు అమెరికాలో ఉంటుంది, తను వెళ్ళొచ్చి చెప్పింది. ఓర్లాండోలో 2010లో హ్యారీ పోటర్ కథలోని ఊరు కట్టారు. ఆ ఊళ్ళో మామూలు కూల్‌డ్రింకులు అమ్మరట. కథలో పిల్లలు తాగే బటర్‌బీర్, గుమ్మడికాయ రసం అమ్ముతారు. (గుమ్మడికాయ రసం మనవాళ్ళకి ఎక్కదు, అది వేరే సంగతి.) మంత్రదండం కొనుక్కుని దుకాణం అద్దం ముందు తిప్పితే లోపలి బొమ్మలు కదులుతాయి. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి?

అలాగని డబ్బు గుమ్మరిస్తే అభిమాని తృప్తి పడతాడనీ లేదు. 2019లో అక్కడే స్టార్ వార్స్ సినిమాల లోకం ఒకటి కట్టారు. పనివాళ్ళు కూడా ఆ గ్రహంవాళ్ళలాగే పలకరిస్తారు. అయినా పాత సినిమాల అభిమానులు "మా పాత వీరులేరీ?" అని అలిగారు. వాళ్ళు చిన్నప్పటినుంచి కొలిచినవాళ్ళు లేకుండా కొత్త సినిమాల కాలం పెట్టారట. దానికి జతగా 2022లో ఒక హోటలు కూడా తెరిచారు. ఇద్దరికి రెండు రాత్రులకి దాదాపు 4,800 డాలర్లు. 2023 సెప్టెంబరులో మూసేశారు. ఆ సొమ్ముతో ఇక్కడ ఒక ఆడపిల్ల పెళ్ళి చెయ్యొచ్చు.

ఇది చెబుతుంటే మా అత్తగారు ఏమన్నారో తెలుసా? "దానికి అమెరికా ఎందుకే, మన సిరిమాను లేదేటి?" అన్నారు. నిజమే సుమండీ. మా విజయనగరం పైడితల్లి పండగ మీరెప్పుడైనా చూశారా? విజయదశమి వెళ్ళిన తరవాతి మంగళవారం. పొడుగాటి చింతమాను చివర పూజారి కూర్చుని ఆకాశంలో ఊగుతూ వస్తారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు. జనం అరటిపళ్ళు విసురుతారు. కథ మీకు తెలిసిందే. 1757లో బొబ్బిలి మీదికి యుద్ధానికి వెళ్ళొద్దని అన్న విజయరామరాజుని వేడుకున్న చెల్లెలు, అన్న తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడని విని పెద్ద చెరువులో కలిసిపోయిందంటారు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. ఆ కోటా ఉంది. పండు విసిరే చెయ్యి మనదే. సెట్టింగు అక్కర్లేదు.

పక్కనే బొబ్బిలి. అక్కడ యుద్ధ స్తంభం ఉంది. పెద్ద ఎన్టీఆర్ బొబ్బిలి యుద్ధం 1964లో వచ్చింది, 1986లో కృష్ణంరాజు గారు తాండ్ర పాపారాయుడుగా వేశారు. మన బాహుబలి ప్రభాస్‌కి ఆయన పెదనాన్నే కదా! ఎప్పుడైనా ఎవరైనా బొబ్బిలి కథతో ఒక చోటు కట్టదలిస్తే, కోట ఎంత ఎత్తన్నది తరవాత చూసుకుని, లోపలికొచ్చిన పిల్లాడిని "నువ్వు ఏ పక్షంరా?" అని అడిగే మనిషిని ముందు పెట్టమని చెప్పాలనిపిస్తుంది. పనసకర్రతో బొబ్బిలి వీణ చేసేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. వాళ్ళు పని చేసుకుంటూ ఉంటే ఆ ఉలి చప్పుడు చాలదా? ఆ పక్కన ఆడవాళ్ళకి శుభ్రమైన మరుగుదొడ్డి, ముసలివాళ్ళకి నీడలో అరుగు. ఇవి కథలో లేవని కట్టనివాళ్ళు చాలామంది ఉన్నారు. మోకాళ్ళు నొప్పులు పెడుతుంటే ఏ రాజ్యమూ కనబడదు.

మా మేనల్లుడి సంగతి మధ్యలో వదిలేశాను. ఆ సెప్టెంబరులో వినాయక చవితికి ఆమదాలవలసలో వాళ్ళ వీధి పిల్లలు మాహిష్మతి సెట్టింగు వేస్తామన్నారు. పక్క వీధివాళ్ళకన్నా ఎత్తు ఉండాలని పెద్ద పిల్లల పట్టు. చందాలేమో అంతంత మాత్రం. వీడు మాత్రం "ఎత్తొద్దు, గుమ్మం సంగతి చూద్దాం" అని పోట్లాడి నెగ్గాడు. థర్మోకోల్ కోట పన్నెండు అడుగులకి మించలేదు. కానీ గుమ్మంలో ఇద్దరు పిల్లలు అట్ట బల్లేలు పట్టుకుని అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్ళనల్లా "ఏ రాజ్యం మీది?" అని అడిగారు. మొదటి రోజు జనం సిగ్గుపడ్డారు. రెండో రోజుకి "పొందూరు రాజ్యం", "బూర్జ రాజ్యం", "సరుబుజ్జిలి నుంచి సామంతులం" అని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. చెప్పినవాళ్ళకి లోపల రాచమర్యాదగా పానకం. మా అత్తగారిని పట్టుచీర కట్టించి కుర్చీలో కూర్చోబెట్టారు. దండం పెట్టినవాళ్ళని ఆవిడ కళ్ళెర్రజేసి చూడాలి. అదొక్కటే పని. అద్భుతంగా చేశారు.

పానకం బాధ్యత నాదీ మా ఆడపడుచుదీ. బిందెడు నీళ్ళకి రెండు కిలోల బెల్లం, గుప్పెడు మిరియాలు దంచి, యాలకులు, కాస్త శొంఠి వేశాం. ఏడు గంటలకి గుమ్మం తీస్తే ఎనిమిదయ్యేసరికి బిందె ఖాళీ. మర్నాడు రెండు బిందెలు కలిపాం.