బాలింత పెట్టె

పోయిన వస్తువు పేరు, కొన్న తేదీ, ధర. పక్కనే బిల్లు జతచేయమని ఇంకో గడి. విమాన సంస్థ పంపిన ఆ ఫారం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా అమ్మ కట్టి, ఉతికి, వెన్నలా మెత్తబడ్డ మంగళగిరి చీరలకు బిల్లు ఎక్కడి నుంచి తేను?

అమ్మాయి పురిటికి డల్లాస్ బయల్దేరాను. శంషాబాద్‌లోనే విమానం ఆలస్యమైంది. గల్ఫ్‌లో దిగేసరికి రెండో విమానం గేటు మూసే వేళ. మనిషైతే పరుగెత్తి అందుకుంటుంది. పెట్టెను ఎవరో దింపాలి, బెల్టు మీద వెయ్యాలి, చీటీ మీది పది అంకెలు యంత్రం చదవాలి, ఇంకో విమానానికి చేర్చాలి. లోకంలో పెట్టెలు దారితప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇలా విమానం మారడమే. డల్లాస్‌లో ఆవకాయ ఉన్న పెట్టె వచ్చింది. బాలింత పెట్టె రాలేదు.

కౌంటర్లో పిల్ల మర్యాదగానే రాసుకుంది. పెట్టెల బొమ్మలున్న అట్ట చూపించి, మీది వీటిలో ఏ రకమని అడిగింది. రంగు నలుపన్నాను. బెల్టు మీద తిరిగినవి చాలావరకు నలుపే. లోపల ఏమున్నాయంటే బాలింతకు పెట్టే కాయం అన్నాను. మా అల్లుడు అందుకుని, ఏదో మూలికల పొడి అని చెప్పాడు.

కాయం పొడి కాదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సిన రోజులొచ్చాయి. శొంఠిపొడిలో ఇంత బెల్లం కలిపి సీసాకెత్తి కాయం అని అమ్ముతున్నారు. తెనాలిలో మా అత్తగారు చేస్తే చూడాలి. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, వాము దేనికది విడిగా వేయించేవారు. రోట్లో దంచి, పల్చటి గుడ్డలో వస్త్రగాళితం పట్టేవారు. మిక్సీ తగలనిచ్చేవారు కాదు, వేడికి ఘాటు పోతుందని. బెల్లం పాకం పట్టి, పొడి కలిపి, నెయ్యి పైకి తేలేదాకా తిప్పుతూనే ఉండేవారు. నా రెండు పురుళ్ళకూ ఆవిడే తెల్లవారుజామున లేపి, ఉసిరికాయంత ఉండ నోట్లో పెట్టి, మింగేదాకా మంచం పక్కనే నిలబడేవారు. గొంతు మండి కళ్ళలో నీళ్ళొచ్చేవి. "మింగవే, రేపు నడుం నిలబడాలి" అనేవారు. ఏ ఆస్పత్రిలోనూ నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు. ఆవిడ పోయాక ఆ చేతి ఒడుపు పట్టుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అమ్మాయి కోసం చేసినప్పుడు మొదటిసారి సరిగ్గా అదే వాసన వచ్చింది. ఆ డబ్బా ఆ పెట్టెలో ఉంది.

అమ్మ చీరలు కూడా అందులోనే. పసిబిడ్డను కొత్త బట్టలో చుట్టకూడదని మనవాళ్ళు ఊరికే అనలేదు. పాత నూలుచీర అంత మెత్తన దుకాణంలో దొరకదు.

ఇలా పోయిన పెట్టెల సంగతి తేల్చే 1999 నాటి మాంట్రియల్ విమానయాన ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం 21 రోజులు దాటినా పెట్టె రాకపోతే పోయినట్టే లెక్క. 2024 డిసెంబరు 28 నుంచి పరిహారానికి గరిష్ఠ పరిమితి మనిషికి ఎస్‌డీఆర్ అనే అంతర్జాతీయ లెక్కలో 1519, అంటే దాదాపు రెండు వేల డాలర్లు. అంతకన్నా విలువైనవి ఉంటే బయల్దేరే ముందే కౌంటర్లో చెప్పి అదనపు సొమ్ము కట్టవచ్చు. అత్తగారి చేతి ఒడుపుకు ఎంతని చెప్పను? అమెరికాలో సొంతదారు దొరకని పెట్టెల్ని కొని, విప్పి, సామాను అమ్మే దుకాణం ఒకటి అలబామాలోని స్కాట్స్‌బరోలో 1970 నుంచీ ఉంది. అమ్మ చీరలు అలాంటి చోటికి చేరి ఉంటే, వాటిని విప్పిన చేతులకు అవేమిటో తెలిసే దారి లేదు. ఆ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టదు.

పురిటికి వెళ్ళే తల్లులారా, పాత చీరలూ వెండి ఉగ్గుగిన్నే చేతిసంచిలో పెట్టుకోండి. కాయం రెండు పెట్టెల్లో సగం సగం సర్దండి. పెట్టె మూతకు లోపలివైపు కూడా పేరూ ఫోను నంబరూ రాసి అంటించండి. పెట్టె రాకపోతే, ఫిర్యాదు కాగితం చేతికి అందేదాకా ఎవరు తొందరపెట్టినా ఆ హాలు దాటి బయటకు రాకండి.